కథ కొత్తది... ఒళ్లు పాతదే!

కుంగ్‌ఫూ సినిమాలకు రెండో భాగం, మూడో భాగం, నాలుగో భాగం వస్తూనే ఉన్నాయి. కథ మారుతుంది, విలన్ మారతాడు, కాలం మారుతుంది. దెబ్బలు తిన్న ఆ శరీరం మాత్రం అదే. బ్రూస్ లీ నుంచి జాకీ చాన్ దాకా, ఇప్ మ్యాన్ నుంచి కరాటే కిడ్ దాకా, యాభై ఏళ్ల పోరాట సినిమాలను వరుసపెట్టి చూస్తే తెలిసే మనుషుల కథ ఇది.

పగలంతా జనంతో కిటకిటలాడే హాంకాంగ్ షాపింగ్ మాల్ అది. దుకాణాలు మూశాకే షూటింగ్ మొదలుపెట్టాలి. తెల్లారి షట్టర్లు లేచేలోపు సర్దుకుని వెళ్లిపోవాలి. ఆ రాత్రి పై అంతస్తు రెయిలింగ్ అంచు మీద ఒక మనిషి నిలబడ్డాడు. ఎదురుగా, చెయ్యి చాస్తే అందనంత దూరంలో, కింది అంతస్తు దాకా దిగిన ఇనుప స్తంభం. దాని నిండా చుట్టిన అలంకరణ బల్బులు. కింద ఒక గాజు కప్పు, ఆ కప్పు కింద నేల.

దూకాడు. స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని జారాడు. దారి పొడవునా బల్బులు టపటపా పేలాయి, నిప్పురవ్వలు ఎగిశాయి. గాజు కప్పును బద్దలు కొట్టుకుంటూ నేల మీద పడ్డాడు. సినిమాలో అయితే వెంటనే లేచి విలన్ మనుషుల మీదికి ఉరుకుతాడు. అసలు జరిగింది వేరు. ఆ బల్బులకు తక్కువ వోల్టేజీ బ్యాటరీ బదులు మామూలు కరెంటు ఇచ్చారు. కాగిపోయిన బల్బులు అతని అరచేతుల చర్మాన్ని కాల్చేశాయి. వెన్నుకు దెబ్బ తగిలింది. కటి ఎముక స్థానం తప్పింది.

ఆ మనిషి జాకీ చాన్. వయసు 31. సినిమా ‘పోలీస్ స్టోరీ’, 1985. దర్శకుడూ అతనే. ఆ ఒక్క దూకుడును మూడు కోణాల నుంచి మూడుసార్లు వరుసగా తెరమీద చూపించాడు. కథ పరుగు ఆగిపోతుందని ఏ ఎడిటరైనా అడ్డుపడే పనే. కానీ ఒక మనిషి అంత బాధ ఓర్చి చేసినదాన్ని ఒక్కసారి చూసి ముందుకు వెళ్లిపోవడానికి మనసొప్పదు.

మూడేళ్లకు, 1988లో రెండో భాగం వచ్చింది. రెండో భాగమంటే హీరో మరింత హంగుతో దిగాలి కదా! ఇందులో అతను నడిరోడ్డు మీద ట్రాఫిక్ డ్యూటీ చేస్తుంటాడు. మొదటి సినిమాలో కార్లతో కూల్చిన గుడిసెలు, మాల్‌లో పగిలిన అద్దాలు, అన్నిటి నష్టం లెక్కగట్టి పైఅధికారులు అతని హోదా తగ్గించారు. మొదటి భాగంలో మనం ఈలలు వేసిన ప్రతి దృశ్యానికీ రెండో భాగంలో అతను బాకీ తీరుస్తున్నాడు.

పోరాట విద్యల సినిమాలకు వచ్చే సీక్వెళ్లను నేను ఇష్టంగా చూసేది ఇందుకే. ప్రేమకథకు రెండో భాగం తీస్తే కథ కొనసాగాలి. వీటిలో కథ కొనసాగకపోయినా ఇబ్బంది లేదు, చాలాసార్లు కొనసాగదు కూడా. కొనసాగేది ఆ నటుడి ఒళ్లు. నిన్నటి దెబ్బ, ఇవాళ్టి వయసు, నేర్పిన గురువు లేని లోటు, అన్నీ దాంట్లో ఉంటాయి.

ఇప్పుడెందుకీ మాట?

2025 మే నెలలో ‘కరాటే కిడ్: లెజెండ్స్’ విడుదలైంది. అందులో 71 ఏళ్ల జాకీ చాన్, 63 ఏళ్ల రాల్ఫ్ మాచియో కలిసి ఒక కుర్రాడికి పోరాటం నేర్పుతారు. అంతకు మూడు నెలల ముందే, పాత ‘కరాటే కిడ్’ కథను కొనసాగించిన ‘కోబ్రా కాయ్’ సిరీస్ ఆరో సీజన్‌తో ముగిసింది. జూన్‌లో ‘జాన్ విక్’ ప్రపంచం నుంచి ‘బాలెరీనా’, సెప్టెంబరులో హిందీ ‘బాఘీ 4’ వచ్చాయి. మన దగ్గరా సినిమా పూర్తయ్యేలోపే రెండో భాగం పేరు తెరమీద వేసే రోజులివి. ‘ఇంకెన్నాళ్లు ఈ సాగదీత?’ అనే విసుగు టీ కొట్టు దగ్గర, కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో వినిపిస్తూనే ఉంది.

ఆ విసుగులో న్యాయం ఉంది. పేరు అమ్ముడుపోతుంది కాబట్టి తీసిన సీక్వెళ్లే ఎక్కువ. హాంకాంగ్ చిన్న ఊరు. అక్కడి నిర్మాతలు తైవాన్, ఆగ్నేయాసియా పంపిణీదారుల నుంచి ముందే డబ్బు తెచ్చుకుని సినిమా మొదలుపెట్టేవారు. వాళ్లకు కథ వివరించడం కన్నా ‘ఫలానా సినిమా రెండో భాగం’ అని చెప్పడం తేలిక. అందుకే పేరు తప్ప ఇంకేదీ కలవని సీక్వెళ్లు కుప్పలుగా పుట్టాయి. వాటిని వదిలేద్దాం. మిగిలినవాటిలో చూడాల్సింది చాలా ఉంది.

బ్రూస్ లీకి రెండో భాగం లేదు

‘ది బిగ్ బాస్’ 1971లో వచ్చింది. ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’, ‘వే ఆఫ్ ది డ్రాగన్’ 1972లో. 1973 జులై 20న బ్రూస్ లీ హాంకాంగ్‌లో చనిపోయాడు. అప్పటికి 32 ఏళ్లు. ప్రపంచమంతా అతని పేరు మోగించిన ‘ఎంటర్ ది డ్రాగన్’ ఆ తరువాతే విడుదలైంది. అంటే, అభిమానుల్లో చాలామంది అతన్ని మొదటిసారి చూసేటప్పటికే అతను లేడు.

మన ఊళ్లలోనూ అంతే జరిగింది. సికింద్రాబాద్ సంగీత్ లాంటి ఇంగ్లీషు సినిమాల హాళ్లలో చూసినవాళ్లు కొందరు. ఎనభైల్లో వీడియో పార్లర్లలో, రాత్రికి అద్దెకు తెచ్చిన వీసీఆర్‌లో చూసినవాళ్లు ఎందరో. సెలూన్ అద్దం పక్కన అతని పోస్టర్. రెండు కర్రముక్కలకు గొలుసు బిగించి చేసుకున్న నాన్‌చాక్, దాన్ని తిప్పబోయి మోచేతికి తగిలించుకున్న పిల్లలు. అతను పోయిన నాటి నుంచే అభిమానులు తరువాతి సినిమా ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశారు.

వచ్చింది, ఐదేళ్లకు. ‘గేమ్ ఆఫ్ డెత్’, 1978. బ్రూస్ లీ 1972లో మొదలుపెట్టి, ‘ఎంటర్ ది డ్రాగన్’ కోసం పక్కన పెట్టిన సినిమా అది. ఒక గోపురంలో అంతస్తుకో వీరుడు ఉంటాడు. ఒక్కొక్కరినీ గెలుచుకుంటూ పైకి వెళ్లాలి. అతను తీసి వెళ్లిన పోరాటాల్లో సుమారు 11 నిమిషాలు మాత్రమే వాడుకుని, మిగతా సినిమా అంతా పోలికలున్న డూపులతో నింపారు. ఒక షాట్‌లో అద్దం మీద బ్రూస్ లీ ముఖం బొమ్మ అతికించారు. అతని అసలు అంత్యక్రియల దృశ్యాలనే కథలో కలిపేశారు. అభిమానంతో చూడటానికి కూర్చున్నవాళ్లకు ఈ సినిమా ఇప్పటికీ గుండెలో కలుక్కుమనిపిస్తుంది. పసుపుపచ్చ దుస్తుల్లో అసలు మనిషి మెట్లెక్కి వచ్చేసరికి మాత్రం అంతసేపు పడ్డ బాధంతా మరిచిపోతాం. నిజమైన కదలికకూ అనుకరణకూ ఉన్న తేడా ఒకే సినిమాలో పక్కపక్కనే కనబడుతుంది.

అతని మరణం తరువాత బ్రూస్ లి, బ్రూస్ లె, డ్రాగన్ లీ లాంటి పేర్లతో ఒక అనుకరణ పరిశ్రమే పుట్టింది. అందరూ అదే జుట్టు, అదే అరుపు. ఆ సినిమాలు ఎన్ని వచ్చినా ఖాళీ పూడలేదు.

గోడ చీల్చుకుని పడ్డ కుర్రాడు

‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’ ఆఖర్లో బ్రూస్ లీ తన్నిన తన్నుకు విలన్ గోడ చీల్చుకుని వెళ్లి తోటలో పడతాడు. ఆ పడింది విలన్ పాత్రధారి కాదు, అతని డూపు. ఆ డూపే జాకీ చాన్. నాలుగేళ్ల తరువాత అదే దర్శకుడు లో వే, అదే సినిమాకు ‘న్యూ ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’ పేరుతో సీక్వెల్ తీస్తూ ఈ కుర్రాణ్నే హీరోగా పెట్టాడు. బ్రూస్ లీ కోపం అతని ముఖానికి అంటలేదు. సినిమా ఆడలేదు.

జాకీ చాన్ పెరిగిన తీరే వేరు. ఏడేళ్ల వయసు నుంచి పదేళ్లపాటు పెకింగ్ ఒపేరా బడిలో ఉన్నాడు. పాట, అభినయం, పిల్లిమొగ్గలు, కత్తి తిప్పడం, అన్నీ గురువు బెత్తం కింద నేర్చినవే. తరువాత సినిమాల్లో పేరు తెచ్చుకున్న సామో హంగ్, యూన్ బియావ్ అదే బడి పిల్లలు. నవ్వించడం, కిందపడటం అతనికి పుట్టిల్లు. దాన్ని గుర్తించినవాడు యూన్ వూ-పింగ్. 1978లో అతని దర్శకత్వంలో వరుసగా రెండు సినిమాలు వచ్చాయి. ‘స్నేక్ ఇన్ ది ఈగిల్స్ షాడో’, ‘డ్రంకెన్ మాస్టర్’. రెండింటిలోనూ జాకీకి విద్య నేర్పే ముసలి గురువుగా చేసింది దర్శకుడి కన్నతండ్రి యూన్ సియూ-తియెన్. అరవై దాటిన ఆ పెద్దాయన జుట్టు విరబోసుకుని, ఎర్రముక్కు వేసుకుని, కుర్రాణ్ని నానా తిప్పలూ పెడుతుంటే ఆ ఆనందం మాటల్లో చెప్పలేం. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశాడు.

‘డ్రంకెన్ మాస్టర్ 2’ రావడానికి 16 ఏళ్లు పట్టింది. 1994. ఆ గురువు లేడు. కథ పాతదానికి పొడిగింపూ కాదు. జాకీకి దాదాపు 40 ఏళ్లు, చేసేది మాత్రం తండ్రికి భయపడే కుర్రవాడి వేషం. తండ్రిగా నటించిన టీ లంగ్ అతనికన్నా ఎనిమిదేళ్లే పెద్ద. సవతి తల్లిగా నటించిన అనీటా ముయ్ అయితే అతనికన్నా తొమ్మిదేళ్లు చిన్న! ఇవన్నీ తెలిసీ మనం నమ్ముతాం. ఎందుకంటే అతను కదిలే తీరు నమ్మిస్తుంది.

ఆఖరి పోరాటం ఉక్కు కర్మాగారంలో జరుగుతుంది. ఎదుట కెన్ లో. నిజజీవితంలో జాకీ అంగరక్షకుడు, కాలు నేల మీద పెట్టకుండా ఎడాపెడా తన్నగల మనిషి. ఈ ఒక్క పోరాటాన్ని నెలల తరబడి తీశారు. దాని మధ్యలో జాకీ వెనక్కి పడి, రగులుతున్న నిప్పుల మీద చేతులతో, కాళ్లతో పాక్కుంటూ వెళతాడు. ఆ నిప్పులు నిజమైనవే. మొదటిసారి తీసింది తృప్తిగా లేదని మళ్లీ పాకాడు. 24 ఏళ్లప్పుడు తాగుబోతు కుంగ్‌ఫూ అతనికి ఆట. నలభైకి చేరువలో అదే విద్య ఒంటిని కాల్చే పని అయింది. ‘టైమ్’ పత్రిక 2005లో ప్రకటించిన వంద గొప్ప సినిమాల జాబితాలో చోటు దక్కింది ఈ సీక్వెల్‌కే, మొదటి భాగానికి కాదు.

ఆ ఏడాదుల మధ్యలో జరిగింది కూడా గుర్తుంచుకోవాలి. 1986 నాటి ‘ఆర్మర్ ఆఫ్ గాడ్’ షూటింగులో, అప్పటి యుగోస్లావియాలో, చెట్టు మీద నుంచి పడి జాకీ పుర్రెకు దెబ్బ తగిలింది. మరణం అంచుదాకా వెళ్లొచ్చాడు. అతని సినిమాల చివర పేర్లు పడేటప్పుడు వచ్చే ‘తప్పిన షాట్లు’ చూసి నవ్వుకుంటాం. వాటిలో స్ట్రెచర్లు కూడా ఉంటాయి.

———
వందేళ్ల గొలుసు

‘డ్రంకెన్ మాస్టర్’ హీరో వాంగ్ ఫే-హుంగ్ కల్పిత పాత్ర కాదు. దక్షిణ చైనాకు చెందిన వైద్యుడు, కుంగ్‌ఫూ గురువు. 1925లో మరణించాడు. ఆయన శిష్యుడు లామ్ సై-వింగ్. ఆయన శిష్యుడు లౌ చామ్. లౌ చామ్ కొడుకు లౌ కార్-ల్యూంగ్. ‘డ్రంకెన్ మాస్టర్ 2’కు దర్శకుడు ఈయనే. తన గురుపరంపరలోని పెద్దాయన కథనే ఆయన తెరకెక్కించాడు. సినిమా పూర్తికాకముందే జాకీతో అభిప్రాయభేదాలు వచ్చి తప్పుకున్నాడు.

వాంగ్ ఫే-హుంగ్ పాత్రతో సినిమాలు 1949లోనే మొదలయ్యాయి. క్వాన్ తక్-హింగ్ అనే నటుడు ఒక్కడే ఆ పాత్రను 70కి పైగా సినిమాల్లో వేశాడు. 1991లో త్సుయ్ హార్క్ ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ చైనా’ తీస్తే ఆ పాత్ర జెట్ లీకి వచ్చింది. అదీ 1997 నాటికి ఆరు భాగాలైంది. నాలుగు, ఐదు భాగాల్లో మాత్రం హీరో విన్సెంట్ జావ్.
———

గుడి చుట్టూ కట్టిన పరంజా

ఆ లౌ కార్-ల్యూంగ్ తీసినవాటిలోనే అందరికీ తెలిసింది ‘ది 36త్ చాంబర్ ఆఫ్ షావోలిన్’, 1978. ఒక యువకుడు షావోలిన్ ఆలయంలో చేరి, గది తరువాత గదిలో ఒక్కో అవయవానికీ ఒక్కో శిక్షణ పొందుతాడు. నీళ్ల బకెట్లు మోస్తూ చేతులు దించకూడదు, దించితే చేతులకు కట్టిన కత్తులు పక్కటెముకల్లో దిగుతాయి. పోరాటం కన్నా సాధనే ఎక్కువసేపు ఉంటుంది. అయినా ఒక్క నిమిషం విసుగు రాదు.

1980లో వచ్చిన రెండో భాగం ‘రిటర్న్ టు ది 36త్ చాంబర్’లో ఒక చిత్రమైన పని చేశారు. మొదటి భాగంలో గురువుగా ఎదిగిన గోర్డన్ ల్యూ, ఇందులో ఆ గురువు వేషం వేసి జనాన్ని మోసం చేసే పనికిమాలిన వాడిగా కనిపిస్తాడు. అసలు గురువు పాత్ర వేరే నటుడికి వెళ్లింది. దొంగతనంగా విద్య నేర్చుకుందామని ఆలయానికి వస్తే, విద్య నేర్పకుండా ఆలయం చుట్టూ వెదురు పరంజా కట్టమంటారు. నెలల తరబడి గడలు మోస్తాడు, ముడులు వేస్తాడు, ఎత్తు మీద నడుస్తాడు. తనకు ఎవరూ ఏదీ నేర్పలేదని కుంగిపోయి ఊరికి తిరిగి వచ్చాక, కొట్టడానికి వచ్చినవాళ్ల కాళ్లూ చేతులూ వెదురుగడలను కట్టినట్టు కట్టేస్తాడు.

కూలిపని చేసే ఒంట్లోనే విద్య ఉందని అంత సరదాగా, అంత గౌరవంగా చెప్పిన సినిమా నాకు ఇంకొకటి తెలియదు. సీక్వెల్ అంటే మొదటిదాన్ని పెంచి చూపడమే కానక్కర్లేదు, తిరగేసి కూడా చూపవచ్చని 1980లోనే నిరూపించింది. గోర్డన్ ల్యూను ఈ తరం ప్రేక్షకులు ‘కిల్ బిల్’ రెండు భాగాల్లో రెండు వేర్వేరు పాత్రల్లో చూశారు. రెండో భాగంలోని తెల్లగడ్డం గురువు పాయ్ మే ఆయనే.

పదిమందితో ఒక్కడు, ఆ తరువాత

కుంగ్‌ఫూ సీక్వెళ్లలో వయసును దాచకుండా చూపిన వరుస ‘ఇప్ మ్యాన్’. దర్శకుడు విల్సన్ యిప్, హీరో డోనీ యెన్. 2008, 2010, 2015, 2019. నాలుగు భాగాలు, పదకొండేళ్లు. మొదటి భాగానికి యెన్ వయసు 45, చివరిదానికి 56.

ఇప్ మ్యాన్ నిజమైన మనిషి. 1893లో ఫోషాన్‌లో పుట్టి, హాంకాంగ్‌లో వింగ్ చున్ విద్య నేర్పి, 1972 డిసెంబరులో మరణించాడు. బ్రూస్ లీకి కుర్రతనంలో గురువు. సినిమాల్లోని సంఘటనలు చాలావరకు కల్పితం. మూడో భాగంలో మైక్ టైసన్‌తో తలపడటమూ అంతే. కానీ డోనీ యెన్ ఆ పెద్దమనిషి తీరును పట్టుకున్నాడు. నల్లటి పొడుగు అంగీ, నిటారు వెన్ను, తొందరలేని చేతులు. మొదటి భాగంలో జపాన్ సైనికుల కరాటే శాలలో పదిమందిని ఒకేసారి రమ్మంటాడు. అంతవరకు ఎవరినీ గాయపరచని మనిషి ఆ ఒక్కసారి ఎముకలు విరుస్తాడు. ఆ కోపం తరువాతి భాగాల్లో అంతగా కనబడదు. రెండో భాగంలో బతుకుతెరువు, మూడో భాగంలో భార్య జబ్బు, నాలుగో భాగంలో తన జబ్బు.

రెండో భాగంలో గుండ్రటి బల్ల మీద సామో హంగ్‌తో పోరాటం ఉంది. సామో హంగ్ గుండె ఆపరేషన్ చేయించుకుని ఎంతో కాలం కాలేదు. ఆ సినిమాకు పోరాటాలు సమకూర్చిందీ ఆయనే. ఆయన పాత్ర ఆయాసంతో అల్లాడుతూనే బాక్సింగ్ రింగులో నిలబడి చనిపోతుంది. ఆ సన్నివేశంలో నటన ఎంత, నిజం ఎంత అని విడదీసి చూడలేం.

అసలు ఇప్ మ్యాన్ చనిపోవడానికి కొద్ది రోజుల ముందు, బాగా బలహీనపడి కూడా, ఇంట్లో సాధనకు వాడే చెక్కబొమ్మ ముందు నిలబడి తన విద్యలోని కదలికలను చేసి చూపిస్తూ ఫిల్ము తీయించుకున్నాడు. శిష్యులకు ఉపయోగపడుతుందని. నాలుగో భాగం చివర దీన్నే మళ్లీ చిత్రించారు. పంచ్ డైలాగులు లేవు, విలన్ లేడు, ముసలి చేతులు వరుస తప్పకుండా కదులుతాయి. ఆ నాలుగు సినిమాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పోరాట దృశ్యం అదే.

మియాగీ గారి చేతులు ఎవరివి?

అమెరికాలో తీసిన ‘ది కరాటే కిడ్’ (1984) దెబ్బల కన్నా ఇంటి పనుల వల్లే గుర్తుండిపోయింది. కార్లు తుడవడం, కంచెకు రంగు వేయడం. పరంజా కట్టించిన షావోలిన్ గురువులాగే ఇందులోని కరాటే గురువు మియాగీ కూడా పని చేయిస్తూ విద్య నేర్పుతాడు. ఆ పాత్ర పేరు ఒకినావాలో గోజు-ర్యూ కరాటేను స్థాపించిన చోజున్ మియాగీ నుంచి తీసుకున్నారు. రచయిత రాబర్ట్ మార్క్ కేమెన్ స్వయంగా ఆ శైలి కరాటే నేర్చుకున్నవాడు. ఆ పాత్రకు ప్యాట్ మోరిటా ఆస్కార్ నామినేషన్ అందుకున్నాడు. నిజానికి మోరిటాకు కరాటే రాదు. పోరాటాల్లో ఆయన బదులు కనిపించింది ఫుమియో డెమురా, కాలిఫోర్నియాలో కరాటే నేర్పిన జపాన్ గురువు. ఒకరి ముఖం, ఇంకొకరి ఒళ్లు కలిస్తేనే మనం దండం పెట్టుకునే మియాగీ అయ్యాడు.

1986లో రెండో భాగం గురువును సొంతూరు ఒకినావాకు తీసుకెళ్లింది. 1989లో మూడోది వచ్చింది, బలహీనమైన సినిమా. మోరిటా 2005లో మరణించాడు. 2018లో మొదలైన ‘కోబ్రా కాయ్’ ఆ లేకపోవడం మీదే నిలబడింది. మొదటి సినిమా ఆఖరి పోటీలో ఓడిన కుర్రాడు జానీ నడివయసులో ఎలా ఉంటాడు? గెలిచిన డేనియల్ ఏం చేస్తుంటాడు? ఆ ఒక్క తన్ను ఇద్దరి బతుకుల్లో ఎంతకాలం మోగింది? ఈ ప్రశ్నలతో ఆరు సీజన్లు నడిచాయి. అంత పాత ఓటమిని అంత శ్రద్ధగా వెనక్కి తిరిగి చూసిన సిరీస్ అరుదు.

జకార్తా, బ్యాంకాక్

ఇండొనేసియా ‘ది రెయిడ్’ (2011) వెనుక కథ కూడా చెప్పాలి. దర్శకుడు గారెత్ ఎవాన్స్ ముందు రాసుకున్న కథ రెండో భాగానిది. దానికి డబ్బు పుట్టక, ఒకే భవనంలో జరిగే చిన్న సినిమాగా మొదటి భాగం తీశాడు. అందులో మ్యాడ్ డాగ్‌గా భయపెట్టి చనిపోయిన యాయన్ రుహియాన్, రెండో భాగంలో (2014) వేరే పాత్రగా తిరిగి వచ్చాడు! అక్కడి పోరాట విద్య సిలాట్‌లో అంతటి నిపుణుణ్ని వదులుకోలేకపోయారు. ప్రేక్షకులూ అభ్యంతరపెట్టలేదు.

థాయ్‌లాండ్ ‘ఓంగ్ బాక్’ (2003) కథ వేరు. తాళ్లు, గ్రాఫిక్స్ లేకుండా టోనీ జా చేసిన ముయే థాయ్ చూసి ప్రపంచం నోరెళ్లబెట్టింది. రెండో భాగానికి అతన్నే దర్శకుణ్ని కూడా చేశారు. పని నెత్తిన పడి, డబ్బు తగాదాలు ముదిరి, షూటింగ్ మధ్యలో సెట్ వదిలి వెళ్లిపోయాడు. తిరిగి వచ్చి పూర్తిచేశాడు. మూడో భాగం వచ్చిన 2010లోనే కొంతకాలం బౌద్ధ భిక్షువుగా మారాడు. కొనసాగింపు బరువు ఒక మనిషిని ఎంత నలిపేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

———
బాఘీలో మన వాటా

హిందీ ‘బాఘీ’ (2016)లో మన ‘వర్షం’ (2004) కథ, ‘ది రెయిడ్’ తరహా ఆఖరి పోరాటం కలిశాయి. ‘బాఘీ 2’ (2018) మన ‘క్షణం’కు రీమేక్. టైగర్ ష్రాఫ్ ఒళ్లే ఆ వరుసను కలిపే దారం.

‘ఇప్ మ్యాన్ 3’లో డోనీ యెన్‌తో తలపడిన మైక్ టైసన్, 2022లో పూరి జగన్నాథ్ ‘లైగర్’లో కనిపించాడు. పూరి అంతకు ముందే, 2003లో, కిక్ బాక్సింగ్ నేపథ్యంగా ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’ తీశాడు. జాకీ చాన్ ‘ది మిత్’ (2005) కోసం హంపీలో షూటింగ్ చేశాడు. ‘కుంగ్ ఫూ యోగా’ (2017)లో ఆయన పక్కన నటించిన సోనూ సూద్ మన ‘అరుంధతి’ పశుపతే.
———

మన హీరోకు ఆయాసం రాదా?

ఎనభైల్లో సుమన్, భానుచందర్ తెలుగు తెర మీదికి వచ్చినప్పుడు వాళ్లకు కరాటే వచ్చన్న సంగతే పెద్ద ఆకర్షణ. ఊరూరా కరాటే క్లాసులు వెలిశాయి. తెల్ల డ్రస్సు, రంగుల బెల్టులు, స్కూలు మైదానంలో ఆదివారం ఉదయం పలకలు పగలగొట్టడం. 1999లో ‘తమ్ముడు’లో పవన్ కల్యాణ్ చేసిన కిక్ బాక్సింగ్ సాధన చూసి మళ్లీ ఒక తరం మేడ మీద ఇసుక బస్తా వేలాడదీసింది. 2001లో శ్రీహరి ‘భద్రాచలం’ తైక్వాండో చుట్టూ తిరిగింది. 2003లో పవన్ కల్యాణ్ స్వయంగా దర్శకత్వం వహించిన ‘జానీ’లో హీరో మార్షల్ ఆర్ట్స్ కోచ్.

వీటిలో దేనికీ రెండో భాగం రాలేదు. ఇప్పుడు మనం తీస్తున్న రెండో భాగాలు వేరే రకం. బడ్జెట్ పెరుగుతుంది, గుంపు పెరుగుతుంది, హీరో కొట్టే దెబ్బకు గాల్లో లేచేవాళ్ల సంఖ్య పెరుగుతుంది. హీరో వయసు మాత్రం పెరగదు, మొదటి భాగంలో తగిలిన దెబ్బ రెండో భాగంలో నొప్పి పెట్టదు. మన ఫైట్ మాస్టర్ల ప్రతిభకు లోటు లేదు. ఉత్తమ పోరాటాల కూర్పుకు జాతీయ అవార్డు మొదలైనప్పుడు తొలి గ్రహీత ‘మగధీర’, ‘బాహుబలి’లకు పనిచేసిన పీటర్ హెయిన్. మలయాళ ‘పులిమురుగన్’కు ఆయనకు అది దక్కింది. ఆ తరువాత ‘బాహుబలి 2’, ‘కేజీఎఫ్ 2’ లాంటి రెండో భాగాలకూ ఆ అవార్డు వచ్చింది. లోటల్లా హీరోను అలసిపోనివ్వకపోవడంలో ఉంది. ట్రాఫిక్ డ్యూటీకి పంపిన హీరోను, ఆయాసపడే హీరోను, విద్య మరిచిపోయి మళ్లీ మొదటి పాఠం నేర్చుకునే హీరోను మన ప్రేక్షకులు ప్రేమించరని ఎందుకు అనుకోవాలి? కర్రసాము, కత్తిసాము ఇంకా బతికున్న నేల ఇది. గోదావరి పల్లెల్లో సంక్రాంతికి, హైదరాబాద్ పాతబస్తీ తాలీంఖానాల్లో రోజూ, వయసు మళ్లిన ఉస్తాదులు కుర్రాళ్లకు అడుగులు దిద్దుతూనే ఉన్నారు. ఆ ఉస్తాదు కథకు రెండు భాగాలు చాలవు.

డూపుల ముఖాలు

మిషెల్ యో బాలే నర్తకి కావాలనుకుని వెన్నుదెబ్బతో మానేసింది. ‘పోలీస్ స్టోరీ 3’ (1992)లో మోటారు సైకిల్ మీద నుంచి కదిలే రైలు పైకప్పు మీదికి తనే దూకింది. 2023లో ఆమె ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకుంది. ‘మాట్రిక్స్’లో కియాను రీవ్స్‌కు డూపుగా చేసిన చాడ్ స్టహెల్స్కీ, తరువాత అదే హీరోతో ‘జాన్ విక్’ నాలుగు భాగాలకు దర్శకుడయ్యాడు. ఇలా ముఖం దక్కినవాళ్లు కొందరే. మిగతావాళ్ల పేర్లు మనకు తెలియవు.

2025 జులైలో తమిళనాడులో ఒక సినిమా షూటింగులో కారు స్టంట్ చేస్తూ సీనియర్ ఫైటర్ ఒకరు ప్రాణాలు కోల్పోయారు. కొన్నాళ్లు వార్తల్లో నిలిచి, తరువాత మరుగునపడింది. మన సెట్లలో రోజు కూలికి పనిచేసే ఫైటర్లకు బీమా, సెట్ దగ్గర అంబులెన్సు, ప్రమాదకరమైన షాట్‌కు ముందు తగినంత రిహార్సల్ ఉండి తీరాలి. తెరమీద రెండో భాగం వచ్చేసరికి ఆ మనిషి కూడా పనికి తిరిగి రాగలగాలి. ఆస్కార్ అకాడమీ 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి స్టంట్ డిజైన్‌కు అవార్డు ఇస్తానని ప్రకటించింది. వందేళ్లు పట్టింది ఆ మాటకు.

———
జంటగా చూడండి

ఒకే వారం, ఒకే నటుడు, రెండు వయసులు:

‘డ్రంకెన్ మాస్టర్’ (1978), ‘డ్రంకెన్ మాస్టర్ 2’ (1994). మధ్యలో ఇంకో సినిమా పెట్టుకోవద్దు.

‘36త్ చాంబర్’ మొదటి, రెండో భాగాలు. పిల్లలతో కూర్చుంటే రెండోది ముందు వేయండి, నవ్వుతూ అలవాటు పడతారు.

‘ఇప్ మ్యాన్’ 1, 4. తీరిక ఉంటే నాలుగూ చూడండి. లేకపోతే మూడోది వదిలేయవచ్చు.

‘పోలీస్ స్టోరీ’ 1, 2. పేర్లు పడేటప్పుడు టీవీ కట్టేయకండి. షాట్ తప్పి పడ్డవాళ్లు, వాళ్లను ఎత్తుకుని పరుగెత్తినవాళ్లు అప్పుడే కనిపిస్తారు.
———